రువైస్ రేవులోని పగడపు గోడలు



మన పత్రికలో యాత్రా విశేషములు వ్రాయువారు సాధారణముగా తిరుమల, సింహాచలము, భద్రాచలము, కాశి మున్నగు పుణ్యక్షేత్రములను గూర్చి వ్రాయుదురు. నేనును తిరుమలకు పోయి వచ్చితిని. కాని ఆ యాత్రను నాకంటె బాగుగా వర్ణింపగలవారు మన సంఘమున పెక్కురు కలరు. నేను వ్రాయబూనినది తిరుగు ప్రయాణమున మూడు దినములు నిలిచిన ఖతర్ దేశమును గూర్చియు, ఆ దేశపు ఉత్తరపు కొసనున్న అల్ రువైస్ అను చిన్న రేవును గూర్చియు. అచ్చట మన కోవెల లేదు. మనవారి పేరు చెక్కిన రాయి లేదు. అయినను ఆ యూరి గోడలను చూచిన నాటినుండి మన యూరి గోడలు నాకు నిద్రపట్టనీయకున్నవి.

మా చెల్లెలి కుమారుడు దోహా పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. నేను దిగిన మరునాడు, "మామయ్యగారూ, ఇచ్చటి ఎత్తైన మేడలు చూచెదరా, పెద్ద అంగళ్లు చూచెదరా?" అని అడిగెను. మేడలు మా పోర్ట్ లూయీలోను మొలచుచున్నవి, అంగళ్లలో నాకు కొనవలసినది లేదు, మీ తాతవంటివారు ఈ దేశమున ఎట్టి యిండ్లలో బ్రదికిరో అది చూపుమంటిని. అతడు కొంత ఆలోచించి శుక్రవారము తెల్లవారుజామున కారు తీసెను. దోహానుండి ఉత్తరముగా నూరు కిలోమీటర్లకు మించి పోయితిమి. త్రోవ పొడవునను ఇసుకయు, రాతినేలయు, అక్కడక్కడ తుమ్మవంటి ముండ్లచెట్లును. చెరకు తోటల నడుమ పుట్టినవానికి అంతటి ఖాళీ నేలను చూచిన కన్నులు ఆనవు.

రువైస్ చేరునప్పటికి ఎండ మెత్తగా నుండెను. రేవులో కొయ్యపడవలు వరుసగా కట్టబడి యున్నవి. వాటిపై ఇనుపతీగెతో అల్లిన అర్ధగోళాకారపు బుట్టలు ఒకదానిపై నొకటి పేర్చియున్నవి. వాటిని గర్గూరులందురు. చేపలు లోనికి పోవుటకు ఒక గొట్టమువంటి ద్వారముండును, మరల బయటికి వచ్చు దారి వాటికి దొరకదు. మన సముద్రమున వెదురుతో అల్లిన బుట్టలకు ఇవి దాయాదులే. పడవలపై పనిచేయువారు వలలు ఆరవేయుచు, టీ కాచుకొనుచు, ఒకడు గెడ్డము గీసికొనుచు, మరియొకడు ఇంటికి ఫోనులో మాటలాడుచు నుండిరి. అరబ్బు వస్త్రములు ధరించినవాడు వారిలో ఒక్కడును లేడు. పెక్కురు హిందూదేశపు తీరములనుండి వచ్చినవారే. 2015 లో ఈ యూరియొద్ద పెద్ద ఓడల కొరకు క్రొత్త రేవు తెరచిరి. నేను చూడగోరినది అది కాదు.

ఊరిలో ఒక పాత మసీదు కలదు. ఖతర్ దేశమున మిగిలియున్న పాత మసీదులలో దీనిని ఒకటిగా ఎన్నుదురు. ఆ దేశపు పురావస్తు శాఖయైన ఖతర్ మ్యూజియమ్స్ దీనిని జీర్ణోద్ధరణ చేయించినది. పెద్దది కాదు. తెల్లని సున్నపు గోడలు, పొట్టిగా గుండ్రముగా నున్న ఒక స్తంభగోపురము, ఎదుట చదునైన ముంగిలి, అంతే. బంగారు పూత లేదు, పాలరాయి లేదు. నేను అన్యమతస్థుడను గనుక లోనికి పోక, ముంగిటి వెలుపల చెప్పులు విడిచి గోడను మాత్రము చూచితిని. ఒకచోట గార పలుచనై లోపలి రాయి కనబడుచుండెను. ఆ రాతినిండ తేనెతుట్టెవలె రంధ్రములు. మొదట బాగుగా చూడక పురుగు తినినదనుకొంటిని. అది పగడపు రాయి. సముద్రపు దిబ్బలనుండి, ఒడ్డుననే దొరకు గుల్లరాతి పలకలనుండి ముక్కలు తెచ్చి, మట్టితోను కాల్చిన జిప్సముతోను అతికి, గోడలు కట్టిరి. ఆ గుల్లలలో గాలి నిలుచుటచేత ఎండవేడి లోనికి త్వరగా దిగదట. చెట్టు లేని దేశమున, కొండ లేని దేశమున, సముద్రమే వారికి రాతిగనియయ్యెను.

ఇచ్చట నాకు మాహెబూర్ తీరము జ్ఞప్తికి వచ్చినది. మన ద్వీపమున నల్లరాతికి కొదువ లేదు, కాని సున్నపురాయి లేదు. అందుచేత మన పెద్దల కాలమున ఒడ్డునగల బట్టీలలో పగడమును కాల్చి సున్నము చేసిరి. ఆ సున్నముతోనే చెక్కర మిల్లుల పొగగొట్టములు, దొరల బంగళాలు, వంతెనలు లేచినవి. చెరకురసమును తేర్చుటకును ఆ సున్నపుపాలే పోసిరి. అనగా మన తాతలు నరికిన చెరకు పంచదార యగుటకు ముందు సముద్రపు పగడమును తాకి వచ్చెడిది. ఈ సంగతి నాకు ఎవరును బడిలో చెప్పలేదు. ఆరవ తరగతితో నా చదువు ముగిసినది గనుక, తరువాతి తరగతులలో చెప్పిరేమో తెలియదు.

ఖతరువారి పాత యిండ్ల కట్టడము మనవారు తెలిసికొనదగినది. పైకప్పునకు దూలములు కావలెను గదా? రువైస్ చుట్టుప్రక్కల తీరమున మడచెట్లు కలవు, కాని అవి పొట్టివి, వంకరవి. కావున తూర్పు ఆఫ్రికానుండి మడకొయ్యలను పడవలలో తెప్పించిరి. ఆ కొయ్యలు చందల్ అను పేర అమ్మబడెడివి. వాటి పొడవు సుమారు పది అడుగులు, కొంచెము ఎక్కువ తక్కువ. దూలమెంతో గది వెడల్పంత. అందుచేత ధనికుని గదియైనను, దరిద్రుని గదియైనను పొడవులో భేదముండెనే గాని వెడల్పులో లేదు. కొయ్యలపై చీల్చిన వెదురు, దానిపై ఖర్జూరపు ఆకుల చాప, దానిపై మన్ను. కొయ్యల చివరలు గోడను దాటి బయటికి వచ్చిన చోట కోసివేయకుండ విడిచిరి. మరమ్మతు నాడు ఎక్కి నిలుచుటకు పనికివచ్చునని మా మేనల్లుడు చెప్పెను. కొయ్యను వృథా చేయుటకు మనస్కరింపలేదేమో యని నాకు తోచినది.

ఇంటి నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి యుండును. చుట్టును గదులు, ఒకవైపు స్తంభముల వసారా. గోదావరి జిల్లాల మండువా లోగిలిని ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. అచ్చట వానకొరకు నడుమ చోటు విడిచిరి, ఇచ్చట గాలికొరకు విడిచిరి. గోడలోనే రెండు పలుచని పొరల నడుమ సందు విడిచి, వీచు గాలి క్రిందికి దిగి పరుండినవారి మొగమునకు తగులునట్లు చేయు ఉపాయమును అచ్చట చూచితిని. వాకిటి ప్రక్కన అతిథులకొరకు వేరు గది. మనకు అరుగు ఎట్లో వారికి మజ్లిస్ అట్లు. పేదలకు ఇవియేవియు లేవు. వారు ఖర్జూరపు మట్టల గుడిసెలలో నుండిరి. మన తాతలు కాంపులలో చెరకాకు కప్పిన పాకలలో నుండినట్లు.

రువైస్‌కు నైరుతిగా తీరము వెంబడి పోయిన అల్ జుబారా అను పాడుపడిన పట్టణము కలదు. 18వ శతాబ్దపు 60వ దశకమున కువైటు ప్రాంతమునుండి వచ్చిన ఉతూబు వర్తకులు దానిని వృద్ధిచేసిరి. ముత్యములు, ఖర్జూరము, సరకుల రవాణా వారి వ్యాపారములు. పట్టణము చుట్టును గోడయు, గోడకు గుండ్రని బురుజులును. 1811 లో మస్కటు సుల్తాను పక్షమువారు దానిని తగులబెట్టిరి. పిమ్మట కొందరు తిరిగివచ్చి చిన్నగా కాపురముండిరి గాని, 20వ శతాబ్దపు ఆరంభమునకు ఊరు నిర్మానుష్యమైనది. ఇసుక కప్పుటచేతనే అది చెడక మిగిలినదని చెప్పుదురు. 2013 లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయైన యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. దాని ప్రక్కన 1938 లో షేక్ అబ్దుల్లా బిన్ జాసిం అల్ థానీ కట్టించిన కోట నిలిచియున్నది. మూడు మూలల గుండ్రని బురుజులు, నాలుగవ మూల చదరపు బురుజు. 20వ శతాబ్దపు 80వ దశకము వరకు తీరరక్షక భటులు అందు కాపురముండిరి.

కోటను అందరు ఫోటో తీయుదురు. నాకు మాత్రము జుబారా త్రవ్వకములలో బయటపడిన రెండు చిన్న సంగతులు మనసునకు పట్టినవి. ఒకటి ఖర్జూరపు పాకము తీయు గది. నేలమీద గార పూసి, పొడవుగా గట్లును నడుమ కాలువలును తీర్చిరి. గట్లపై ఖర్జూరపు బస్తాలను ఒకదానిపై నొకటి పేర్చిన, తమ బరువునకు తామే నలిగి తేనె కారి కాలువలగుండ మూలనున్న కుండలోనికి చేరును. గానుగ లేదు, ఎద్దు లేదు, నిప్పు లేదు. చక్కెర మిల్లు ప్రక్కన పెరిగిన నాకు ఆ యుక్తి ఎంత ముచ్చటగా తోచినదో చెప్పలేను. రెండవది, ఒక యింటి గోడ గారపై ఎవడో మొనగల వస్తువుతో గీకిన పడవ బొమ్మ. తెరచాప కొయ్యయు, త్రాళ్లును ఉన్నవి. గీసినవాడు నావికుడో, తండ్రి పడవకొరకు ఎదురుచూచు పిల్లవాడో. గోడ పాడుచేసినందుకు ఆనాడు వాని చెవి మెలిపెట్టి యుందురు.

ఇక ముత్యముల మాట. మన ఆడువారు బస్రా ముత్యములని చెప్పుకొనునవి ఈ సముద్రమునుండియే బొంబాయి బజారునకు, అచ్చటినుండి హైదరాబాదునకు చేరెడివి. నిజాము నవాబుల హారములను గూర్చి అందరును వినియున్నారు. శ్రీరామనవమినాడు భద్రాద్రి కల్యాణమున ముత్యాల తలంబ్రాలు పోయుట మనము రామభజనలో పాడుకొనుచునే యున్నాము. కాని ముత్యము ఎట్లు పైకి వచ్చునో నేను అంతకుముందు తలపోయలేదు. వేసవి నాలుగు మాసములు పడవలు నడిసముద్రమున నుండెడివి. ముక్కునకు పట్టుకఱ్ఱ, కాలికి రాయి, మెడకు బుట్ట కట్టుకొని మనిషి మునుగును. పైన నున్నవాడు త్రాడు పట్టుకొని యుండును. నిమిషము, నిమిషమున్నర కాగానే లాగును. ఇట్లు దినమునకు పలుమారులు. మునుగువానికి జీతము లేదు. పడవ నాయకుడైన నఖుదా ముందుగా అప్పిచ్చును, కాలము ముగిసిన పిమ్మట ముత్యముల వెలలో వాని వంతును అప్పునకు చెల్లు వ్రాసికొనును. అప్పు తీరినవారు తక్కువ. తండ్రి మరణించిన కుమారునిపై పడెడిది. మునిగినవారిలో తూర్పు ఆఫ్రికానుండి తేబడిన బానిసలును కలరు. ఆ దేశమున బానిసత్వము 1952 లో రద్దయినది. దోహాలో బిన్ జెల్మూద్ అను ఇంటిని ఈ చరిత్రకొరకే ప్రదర్శనశాలగా చేసినందుకు వారిని మెచ్చుకొనవలెను. తమ యింటి చీకటిగదికి దీపము పెట్టి పరాయివారికి చూపుట సులభము కాదు.

మనవారి చరిత్రయు అప్పుల చరిత్రయే. 1834 మొదలు 1920 వరకు దాదాపు 5 లక్షలమంది హిందూదేశమునుండి మారిషసుకు అగ్రిమెంటు కూలీలుగా వచ్చిరి. కోరంగి రేవునుండి వచ్చినవారని మన తెలుగువారిని కోరంగీలనిరి. ఒక దినము పనికి రాకున్న రెండు దినముల కూలి కోసిరి. పోర్ట్ లూయీలో 1849 లో నెలకొల్పిన వలసశాల, నేడు మనము ఆప్రవాసి ఘాట్ అనునది, 2006 లో యునెస్కో జాబితాలో చేరినది. కాని అంతకుముందే దానిలో చాల భాగము పోయినది, కొంత రాచబాట క్రింద పడినది. మిగిలిన మెట్లను నేడు మనము కన్నుల కద్దుకొనుచున్నాము.

జపానులో మికిమోటో అనువాడు ముత్యములను పెంచు విద్యను కనిపెట్టుటచేతను, 1929 నాటి ఆర్థిక మాంద్యముచేతను, ఖతరు ముత్యముల బేరము కూలినది. ఊళ్లు ఆకలిపాలయ్యెను. 1939-40 ప్రాంతమున దుఖాన్‌లో నూనె పడినను, యుద్ధము అడ్డుపడుటచేత 1949 లోగాని ఓడకెక్కలేదు. పిమ్మట ధనము వచ్చినది. రువైస్ చుట్టునున్న అల్ జుమైల్, అల్ అరీష్, అల్ ఖువైర్ అను పల్లెలవారు నీరు, విద్యుత్తు, బడి, ఆసుపత్రి గల చోట్లకు తరలిపోయిరి. 20వ శతాబ్దపు 70వ దశకమున వారికొరకే ప్రక్కన మదీనత్ అష్ షమాల్ అను క్రొత్త పట్టణము ఏర్పడెను. జుమైల్‌లో మేము దిగితిమి. తలుపులు లేని వాకిళ్లు, కప్పు లేని గదులు, గోడలో దీపము పెట్టు గూళ్లు, ఒక మసీదు గోపురము. ఒక గూటిలో పక్షి గ్రుడ్లు పెట్టినది. గాలి తప్ప మాట లేదు. ఆ జనులు తరలిపోయినందుకు నేను నిందింపను. మంచినీరు దొరకు చోటికి ఎవరు పోరు? పాత యిండ్లు అందముగా నున్నవని యనుట వాటిలో వేసవి గడపనివారికి తేలిక.

మధ్యాహ్నమునకు రువైస్ తిరిగివచ్చి ఒక టీ అంగడిలో కూర్చుంటిమి. మా మాటలు విని ప్రక్క బల్లయొద్ద నున్న లారీ డ్రైవరు లేచి వచ్చెను. జగిత్యాలవాడట. "బాపూ, మీరు తెలుగోళ్లా? మీదే ఊరు?" అని అడిగెను. మారిషసు అంటిని. "అది గాదు బాపూ, అసలు ఊరు?" అనెను. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నా ముత్తాత కాగితమును తీయించితిని. అందు ఒక సంఖ్య, ఎత్తు, కుడిచేతిపై మచ్చ, విశాఖపట్టణము జిల్లా అని మాత్రమే కలదు. గ్రామము పేరును ఏ గుమాస్తాయో చెవికి తోచినట్లు వ్రాయగా, ఆ పేరుగల పల్లెను నేను పటములలో కనుగొనలేకపోతిని. ఆ మాటయే చెప్పితిని. అతడు కొంతసేపు మాటాడక, టీకి డబ్బు నన్ను ఇయ్యనీయలేదు. వచ్చి తొమ్మిదేండ్లయినదట. ఇంటికడ ఒక డాబా కట్టుచున్నాడట, మూడవమారు పని ఆగినదట. ఫోనులో దాని బొమ్మ చూపెను. కప్పులేని గోడలు, మొలచిన ఇనుపచువ్వలు. "మీరు చూసొచ్చిన పాడుబడ్డ ఊరు లెక్కనే ఉన్నది గదా" అని తానే నవ్వెను.

దోహాకు మరలునప్పుడు తూర్పు తీరమునగల జబల్ జస్సాసియా అను రాతిగుట్టల కడ నిలిచితిమి. అచ్చటి సున్నపురాతిపై దాదాపు 900 చెక్కడములు కలవు. 20వ శతాబ్దపు 70వ దశకమున డెన్మార్కు దేశపు పండితులు వాటిని లెక్కించి వ్రాసిరి. పైనుండి చూచినట్లు చెక్కిన పడవలు, వాటికి ఇరువైపుల జెఱ్ఱి కాళ్లవలె తెడ్లు. వాటికంటె ఎక్కువగా కనబడునవి రెండు వరుసలుగా తొలిచిన చిన్న చిన్న గుంటలు. వాటి వయస్సు గూర్చి పండితులకు ఏకాభిప్రాయము లేదు. నక్షత్రముల లెక్కయని కొందరు, ముత్యముల పంపకమని కొందరు అందురు. ఆట యని పెక్కురు అందురు. నాకు పండితులతో పని లేకపోయెను. చూచిన తక్షణమే నోటినుండి, "ఓరి! వామన గుంటలు!" అని వచ్చినది. మా మేనల్లుడు ఆ పేరే వినియుండలేదు. ఎండలో మోకాళ్లపై కూర్చుండి గులకరాళ్లతో అతనికి ఆట చూపబోతిని. కావలివాడు దూరమునుండి కేకవేయుటచేత లేచితిని. అతడు తన పని చేసెను.

ఇప్పుడు ఇదంతయు ఎందుకు వ్రాయుచున్నానో చెప్పవలెను. మా కాంపులోని పాత కోవెలను మీలో వయస్సు చెల్లినవారు ఎరుగుదురు. నల్లరాతి గోడలు, పగడపు సున్నము, పైన ఇనుపరేకు. రెండు నిలువుల వెడల్పు గది. సింహాద్రి అప్పన్న దీపము చుట్టును రామభజన చేయుటకు పదునైదుగురికి మించి పట్టెడివారు కారు. 1960 ఫిబ్రవరిలో కారోల్ తుపాను కాంపులోని పాకలన్నిటిని ఎగురగొట్టినప్పుడు ఆ గది రేకును మాత్రము పోగొట్టుకొని గోడలతో నిలిచినది. మా కుటుంబము, మరి నాలుగు కుటుంబములు ఆ రాత్రి అందులోనే తలదాచుకొన్నవి. నా తల్లి ఈ సంగతి చెప్పని పండుగ లేదు. తరువాత చాల కాలమునకు, జనము పెరిగి చోటు చాలక, కాంక్రీటు కోవెల కట్టవలెనని సభ జరిగినది. పాత గదిని ప్రక్కన ఉంచి కట్టుదమా, తొలగింతుమా అని చేతులెత్తుమనిరి. తొలగింపుమని చేయెత్తినవారిలో నేనును ఒకడను. బండ్లు నిలుపుటకు చోటు కావలెనని వాదించినవాడనును నేనే. ఆ గోడలను పడగొట్టుటకు యంత్రమునకు రెండు దినములు పట్టినది. సగము దినములో ముగియునని అనుకొంటిమి.

క్రొత్త కోవెల చక్కగా ఉన్నది. వాన దిగదు, ఐదువందలమంది కూర్చుండవచ్చును. దానిని నేను తప్పు పట్టుట లేదు. కాని పాత గది గడపయొద్ద ఒక నల్లరాతి పలక యుండెడిది. దానిపై ఎవరో, బహుశః మొదటి తరమువారే, రెండు వరుసలుగా పదునాలుగు గుంటలు తొలిచిరి. భజన ముగియువరకు మా అవ్వలు పిల్లలను ఊరకుండబెట్టుటకు చింతగింజలతో దానిపై ఆడించెడివారు. నేను ఆడితిని. ద్వీపమునకు తిరిగివచ్చిన వారమునందే దానిని వెదకితిని. సగము పలక పునాదిలోనికి పోయినదని మేస్త్రీ చెప్పెను. తక్కిన సగము కోవెల వెనుక కుళాయి క్రింద పడియున్నది. వంటపాత్రలు తోముటకు దానిని వాడుచున్నారు. బొగ్గుమసియు బూడిదయు గీకి కడిగి లెక్కించితిని. ఆరు గుంటలు పూర్తిగా ఉన్నవి, ఏడవది పగులులో సగము తెగినది. కార్యవర్గమువారి అనుమతితో దానిని ఎత్తించి ధ్వజస్తంభపు ప్రక్కనున్న వేపచెట్టు క్రింద పెట్టించితిని. గడచిన శనివారము భజనవేళ ఇద్దరు ఆడపిల్లలు దానియొద్ద కూర్చుండి గుంటలలో గులకరాళ్లు వేయుచుండిరి. వారికి ఆట తెలియదు. ఇంటిలో ఎవరికైనను అవ్వయో, పెద్దమ్మయో జ్ఞాపకమున్నవారు ఉన్నయెడల వచ్చే శనివారము పెందలకడనే కోవెలకు పంపవలెనని కోరుచున్నాను. చింతగింజలు నేను తెత్తును.